నాయనమ్మ తీసేసిన కంచం

మా బిడ్డ టిఫిన్ డబ్బాలో ఫోర్కు పెట్టి పంపమని బడిలో చెప్పారు. దాని మొనలు ఎక్కడ గుచ్చుకుంటాయోనన్న దిగులుతోనే అల్మారా వెతుకుతుంటే, తువ్వాలలో చుట్టిన నాయనమ్మ వెండిపూత ఫోర్కులు దొరికాయి, నల్లబడి, పూత పోయిన చోట ఇత్తడి కనిపిస్తూ.

జగిత్యాలలో ఒక తెల్ల డాక్టరమ్మ బంగళాలో నాయనమ్మ ఏళ్ళ తరబడి వంట చేసింది. ఆమె తన దేశం పోతూ ఇచ్చిన ఈ ఫోర్కులనూ, చెంచాలనూ, కత్తులనూ ముగ్గుపిండితో తోమి దాచుకుంటూ, ఫోర్కు ఎడమన ఉండాలనీ, కత్తి పదును ఎదుటివాళ్ళ వైపు తిప్పితే పూర్వం ఆ దేశంలో పగ అనుకునేవారనీ మాకు ముచ్చట్లు చెప్పేది. వెనుక నిలబడి వడ్డించడమే తప్ప ఆ బల్ల దగ్గర తానెన్నడూ కూర్చోలేదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి, మా ఈడు వాళ్ళందరికీ గుర్తుండే ఉంటాయి. డిగ్రీ అయిన నన్ను చూడడానికి సిరిసిల్ల నుంచి అబ్బాయి, వాళ్ళమ్మ కోరుట్లలోని మా ఇంటికి వచ్చారు. అంతకుముందు సంబంధాలు తప్పిపోయి ఉండడంతో ఇదైనా కుదరాలని ఇంటిల్లిపాదికీ గుబులు. గొప్పగా ఉంటుందని నాయనమ్మ అన్నం కంచాల పక్కన ఫోర్కులు, చెంచాలు పెట్టింది. అబ్బాయి తల్లి తన రెండింటినీ జంటగా కంచంలో ఒక పక్కన పెట్టి, చేత్తోనే తిందామని చేయి కడుక్కోవడానికి వాకిట్లోకి వెళ్ళింది. బంగళాలో అలా పెడితే భోజనం ముగిసినట్టు. అలవాటు కొద్దీ నాయనమ్మ ఆ కంచం లోపలికి తీసుకుపోయింది.

"తినకముందే కంచం గుంజుకపోతరా? గతిలేక అచ్చినమా? లేరా, పోదాం!"

నాన్న ఎంత బతిమాలినా అబ్బాయి తల్లి ఆగలేదు. కానీ బయట ఉద్యమం వాళ్ళు రోడ్డు మీదే వండుకు తింటూ చేసే వంటావార్పు, బండి కదిలే దారి లేదు. వాడవాళ్ళు చేయిపట్టి వాళ్ళిద్దరినీ బంతిలో కూర్చోబెట్టారు. వెనుకే పరుగెత్తుకొచ్చిన నాయనమ్మ గరిటె అందుకుని అబ్బాయి తల్లి ముందుకే వచ్చింది.

"ఓ అవ్వా, గీ ఇస్తారాకన్న ఉంచుతవా, గిదిసుత ఎత్తుకపోతవా?" అంది ఆమె.

"నువ్వు మడిచినంక గూడ ముట్ట, తిను బిడ్డా."

బంతి అంతా నవ్వింది, ఆమె నవ్వలేదు. ఆకు తనవైపు మడిస్తే చుట్టరికం నిలుస్తుందని, అవతలికి మడిస్తే తెగిపోతుందని అంటారు కాబట్టి మా ఇంటివాళ్ళ చూపంతా ఆమె చేతి మీదే ఉంది. ఇంతలో నినాదం లేచింది, అందరితోపాటు ఆమె కూడా ఆకు మడవకుండానే పిడికిలెత్తి లేచింది. దాని అర్థమేమిటో మాకెవరికీ అంతుపట్టలేదు. ఒప్పుకున్నామన్న కబురు వచ్చేదాకా అమ్మకు అన్నం సహించలేదు.

ఎందుకు ఒప్పుకున్నారని ఇప్పటికీ మా అత్తమ్మను అడుగుతుంటాను. ఒకసారి పప్పు బాగుందంటుంది, ఒకసారి ఆనాడు దారిలేక కూర్చున్నానంటుంది. ఈనాటి పెళ్ళిళ్ళలో నిలబడే తిని, ప్లేటు తొట్టిలో పడేసి ఎవరికి వాళ్ళం వచ్చేస్తున్నాం. ఎవరి కడుపు నిండిందో, ఎవరి మనసు విరిగిందో ఇక ఏ గుర్తును బట్టి తెలుసుకోవాలో నాకు తెలియడం లేదు.