రాళ్లు ఏరించిన డ్రిల్లు సారు

మా డ్రిల్లు సారు పోయిన మంగళవారం కన్నుమూశారు. గుండెనొప్పి అంటే దవాఖానకు తీసుకుపోయారు, దారిలోనే అయిపోయింది. నగరం అంచున, కొత్తగూడ దాటాక ఉన్న మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బును ఇరవై ఏళ్లకు పైగా నడిపిన మనిషి. మీలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. తెలియాలనే రాస్తున్నాను. దుఃఖంతో రాద్దామనుకున్నాను గాని, నిజం చెప్పాలంటే ఈ నాలుగు రోజులుగా నాలో దుఃఖం కన్నా రోతే ఎక్కువగా ఉంది. ఎందుకో చెబుతాను.

ఆయన మా బడికి డ్రిల్లు మాస్టరుగా వచ్చేనాటికి ఊళ్లో బంతి అంటే రబ్బరు బంతే. ఊరి వెనక, బండల మధ్య చదునుగా ఉన్న సర్కారు బంజరులో నాలుగు వెదురు కట్టెలు పాతి క్లబ్బు మొదలుపెట్టారట. బండ కొట్టేవాళ్లు, పాలు పోసేవాళ్లు, ఆదివారం చర్చి కాగానే తెల్లచొక్కాలు విప్పి పరుగెత్తుకొచ్చేవాళ్లు, అదే జట్టు. మా నాన్న గోల్‌కీపరు.

ఆ నేలంతా కంకర. అందుకని ఆట మొదలయ్యే ముందు రెండు జట్లూ ఒకే వరుసలో నిలబడి, ఈ చివర నుంచి ఆ చివరకు వంగి నడుస్తూ రాళ్లు ఏరాలి. ఇది సారు పెట్టిన నియమం. పుప్పాలగూడ నుంచి వచ్చిన కెప్టెన్ ఒకసారి మొండికేశాడు.

“మేం ఆడనీకి వచ్చినం సార్, కూలికి కాదు.”

“మంచిది, పోయి కూసో. మీ పోరగాళ్ల మోకాళ్లు పగిల్తే పసుపు నువ్వే అద్దు,” అన్నారు సారు. వాళ్ల జట్టే ముందు నవ్వింది. కెప్టెనూ వంగాడు.

ఓడిన రోజే ఆయన జట్టుకు చాయ్ తాగించేవారు. గెలిచిన రోజు, “ఇండ్లకు పోండ్రి. ఇయ్యాల మీ కాళ్లు నేల మీద లెవ్వు, చాయ్ ఎక్కడ పొయ్యాలె?” అనేవారు.

నేను ఆడలేదు. ఆరో తరగతిలో నా చేతిరాత చూసి, బడి గోడ మీది బోర్డుపై ఆట విశేషాలు రాసే పని ఇచ్చారు. మొదటిసారి గోల్ కొట్టినవాడి పేరొక్కటే రాశాను. సారు చాక్‌పీసు మళ్లీ నా చేతిలో పెట్టారు. “గోల్ కొట్టినోని పేరు ఊరంత చెప్తది బిడ్డా. బంతి అందిచ్చినోని పేరు నువ్వు రాయకుంటె ఇంకెవరు రాస్తరు?” మాటల మీద నాకు ఇష్టం పుట్టింది ఆ బోర్డు దగ్గరే.

పోయినేడు, కొత్తగూడ వైపు అద్దాల మేడలు లేస్తుండగా, ఎవరో మా బంజరును కొలిచి సున్నం పూసిన రాళ్లు పాతి వెళ్లారు. మాకెవరూ చెప్పలేదు. ఆ ఆదివారం ఆట ఉంది. రెండు జట్లూ వంగి, కంకరతోపాటు ఆ రాళ్లనూ పెరికి పక్కన పోగేశారు. ఇంకో చోటైతే ముట్టుకునేవారు కాదేమో. మా మైదానంలో రాయి కనబడితే ఎవరికీ చెయ్యి ఆగదు.

రెండు రోజులకు మా ఊరి నాయకుడొకాయన సారును ఇంటికి పిలిపించాడు. రాసే పని ఉంటుందని సారు నన్నూ వెంట తీసుకెళ్లారు.

“హద్దురాళ్లు పీకిన్రు సారూ. కేసైతది. పోరగాళ్లకు నౌకర్లు రావు. జర మాఫీనామా రాసియ్యి, నేను చూసుకుంట. ఫికర్ చెయ్యకు,” అన్నాడు, వక్క నములుతూ.

నాయకుడు చెబుతుంటే నేను రాశాను. ‘తప్పయింది’ తర్వాత, ‘ఈ జాగాతో క్లబ్బుకు ఏ సంబంధమూ లేదు, ఇకపై అడుగుపెట్టం’ అన్న వాక్యం వచ్చింది. నా పెన్ను ఆగింది. సారు వైపు చూశాను.

“రాయి బిడ్డా. పిల్లగాండ్ల మీద కేసు వద్దు.”

గుండ్రటి అక్షరాలతో రాశాను. సారు సంతకం పెట్టారు. నెల తిరగకముందే కంచె పడింది. నా చేతిరాతను చూస్తే నాకే అసహ్యం వేసింది.

నిన్న సంతాపసభ. అదే నాయకుడు, ఫోటో కనబడనంత దండ వేసి మైకు పట్టుకున్నాడు. ఊరు బాగుపడాలని మైదానాన్ని మనసారా అప్పగించిన త్యాగి మన సారు, అన్నాడు. చప్పట్లు మోగాయి. కొట్టినవాళ్లలో ఆ నేల మీద ఆడినవాళ్లూ ఉన్నారు. సభ అయ్యాక నాయకుడు నన్ను పిలిచాడు.

“ఏం పిల్లా, మంచిగ రాస్తవంట గద? క్లబ్బు చరిత్ర పుస్తకం అచ్చేపిస్త. గీ త్యాగం ముచ్చట ముందల పెట్టు.”

“సారు ఇయ్యలేదు. మీరు రాయించుకున్నరు.”

“రాసింది నువ్వే గద!” అని పెద్దగా నవ్వాడు. నమిలిన వక్క తునక నా చున్నీ మీద పడింది.

ఈ పొద్దున సారు ఇంటికి వెళ్లాను. మేమంతా అమ్మ అని పిలిచే ఆయన భార్యకు, ఆ కాగితం రాసింది నేనేనని చెప్పాను.

“నాకెరికే. ఆ దినం ఆయన అన్నం ముట్టలే. ‘పిల్లతోని గా రాత రాయించిన’ అని ఒకటే రంది,” అంది. మళ్లీ తనే, “అది నీ చేత్తోనే రాసినవ్. గిది గూడ నీ చేత్తోనే రాయి.”

అందుకే రాస్తున్నాను. మైదానాన్ని సారు ఇవ్వలేదు. పిల్లల కోసం భయపడి సంతకం పెట్టారు. భయపెట్టినవాడు దండ వేశాడు. రాసిపెట్టినదాన్ని నేను.

వాళ్ల వాకిట్లో కూర్చున్నాను. ఆట లేకపోయినా అమ్మ ఉతికి ఆరేసిన జట్టు పసుపు బనీన్లు పదకొండూ తీగ మీద నీళ్లోడుతున్నాయి. ఇప్పుడే కంచె అవతల బండ పేల్చారు. తెల్లటి దుమ్ము మెల్లగా ఇటు వచ్చి, తడి బట్టల మీద పేస్టులా అంటుకుంది. అమ్మ లేచి, ఒక్కో బనీను తీసి మళ్లీ బకెట్లో ముంచుతోంది.