ఖాళీ రోడ్డు మీద వేడెక్కే కారు

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఎదుటి బండి కనబడకముందే "బ్రేక్! బ్రేక్!" అని కేకేసే అలవాటు కాబట్టి, ఆమె దగ్గర కారు నేర్చుకున్నవాళ్లంతా కలిసి బ్రేకమ్మ అని పేరు పెట్టేశారు. డ్రైవింగ్ స్కూల్లో ఆమె పనల్లా పక్క సీట్లో కూర్చుని, కాలు రెండో బ్రేకు మీద ఉంచి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, ఊరంతా నత్తనడకన తిరగడం.

అలాంటి మనిషి యాభై దాటాక ఒక పాత స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చింది. ఎర్రది. రెండే సీట్లు. ముక్కు నేలను వాసన చూస్తున్నట్టు కిందికి వంగి ఉంటుంది. భర్త దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఎక్కడం సరే, దిగడం ఎలా?" అని లోపలికి వెళ్లిపోయాడు. అత్తగారు మాత్రం చేతికర్ర వెనక్కి తోసేసి సీట్లో చతికిలబడింది.

"మా చెల్లెలింటికి పోదాం పద, అమ్మాయ్. దాని కళ్లు కుట్టాలి."

చెల్లెలిల్లు ఊరు దాటాక పెద్ద రోడ్డు మీద చాలా దూరం. కొన్ని వారాలు వీధుల్లో తిప్పి చేయి అలవాటయ్యాక, ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దరూ బయలుదేరారు. ఊళ్లో ఉన్నంతసేపూ కారు బుద్ధిగా నడిచింది. పెద్ద రోడ్డెక్కి బ్రేకమ్మ యాక్సిలరేటరు కాస్త గట్టిగా నొక్కిందో లేదో, వేడి చూపించే ముల్లు మెల్లగా పైకి పాకడం మొదలుపెట్టింది. చూస్తుండగానే ఎర్రగీత అంచుకు చేరింది.

బ్రేకమ్మ కంగారుపడలేదు. కారు నెమ్మది చేసి, వెనక్కి ఇంటివైపు మళ్లించి, అద్దాలు దించి, హీటరు పూర్తిగా తిప్పింది. ఇంజను వేడంతా కారులోకి కొట్టింది.

"ఇదేంటే! ఇంజను చల్లబడాలని నన్ను ఉడకబెడుతున్నావా?"

"కొంచెం ఓర్చుకోండి అత్తయ్యా. వేడి మనం పంచుకుంటే దానికి తగ్గుతుంది."

"పంచుకోవడానికి ఇదేమన్నా ఆస్తా?" అని చెంగుతో విసురుకుంటూనే అత్తగారు ఇల్లు చేరేదాకా ముల్లు మీంచి కన్ను తీయలేదు.

మర్నాడు మరిది వచ్చాడు. అతనిది కార్ల షెడ్డు. ఏ బండినైనా ముందు తిట్టి, తర్వాత బాగుచేసే మనిషి. ఇంజను పూర్తిగా చల్లారాకే రేడియేటరు మూత తీశాడు. ఇంజనును చల్లబరిచే కూలెంటు నిండుగానే ఉంది. ఎక్కడా కారడం లేదు. ఫ్యాను తిరుగుతోంది. చివరికి థర్మోస్టాట్ ఊడదీసి, వంటింట్లో పొయ్యి మీద నీళ్లు పెట్టి అందులో వేశాడు. అత్తగారు కళ్లద్దాలు సర్దుకుని గిన్నెలోకి తొంగిచూసింది.

"ఇది నీళ్లకు తలుపమ్మా. వేడెక్కితే తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే దోషం దీనిదే."

నీళ్లు సలసల కాగాయి. "తెరిచిందిరా, నోరు తెరిచింది!" అని అత్తగారు చప్పట్లు కొట్టింది. కొడుకు మొహం మాత్రం వాడిపోయింది. దోషం దానిదే అయ్యుంటే అక్కడితో తేలిపోయేది మరి.

రేడియేటరు కడిగించారు, గొట్టాలు మార్చారు, లోపల చిక్కుకున్న గాలి బుడగలన్నీ పోయేదాకా నీళ్లు పోశారు. ఎన్ని చేసినా పెద్ద రోడ్డెక్కగానే ముల్లు మళ్లీ పైకే. మరిది నుదురు కొట్టుకున్నాడు.

"ఇక హెడ్డు దించాల్సిందే వదినా. ఇంజను పొట్ట విప్పి చూడాలి."

"ఆగు. కొత్తవాళ్లు కారు ఆగిపోయిందని ఏడిస్తే నేను మొదట అడిగేది ఒక్కటే. ఏం చేస్తుంటే ఆగింది అని. దీన్నీ అదే అడుగుదాం, ఎక్కు."

ఇద్దరూ బజారులో బండ్ల మధ్య ఇరుక్కుని నిలబడ్డారు. ముల్లు మధ్యలోనే ఉంది. ఎంతసేపు నిలబడ్డా కదల్లేదు. పెద్ద రోడ్డు మీద వేగం పెంచారు, పైకి లేచింది. తగ్గించారు, దిగింది.

"లోకంలో అందరి కార్లూ ఇరుకులో వేడెక్కుతాయి. నీ కారుకు ఖాళీ రోడ్డు చూస్తే ఒళ్లు మండుతోందేంటి వదినా!"

"ఆగినప్పుడు ఫ్యాను గాలి చాలుతోంది. పరిగెత్తేటప్పుడు రోడ్డు గాలి రావాలి కదా? అది లోపలికి పోవట్లేదేమో."

మరిది కారు ఆపించి, దిగి ముందుకెళ్లి చూశాడు. ముక్కుకు గాలి పీల్చే జాలీ ఎక్కడా లేదు. షెడ్డుకు చేరగానే కారు కింద దూరాడు. కాసేపటికి లోపలినుంచి నవ్వు వినిపించింది. బయటికొచ్చి అరచేయి చాపాడు. అందులో విరిగిన నల్ల ప్లాస్టిక్ ముక్క.

"ఇది కింద నుంచి గాలి పీల్చే బండి వదినా. రోడ్డు గాలిని పైకి మళ్లించే పలక రేడియేటరు కింద ఉండాలి. ఆ పలక లేదు. బోల్టులకు ఈ ముక్కే మిగిలింది. స్పీడ్ బ్రేకరుకు గాని తగిలించావా?"

బ్రేకమ్మ నాలుక కరుచుకుంది. కారు కొన్న కొత్తలో స్కూలు ముందున్న స్పీడ్ బ్రేకరు మీద ఫట్‌మని చప్పుడైంది నిజమే. రాయేదో తగిలిందనుకుని దులిపేసుకుంది. అక్కడే రోజూ అందరికీ "మెల్లగా, మెల్లగా" అని గొంతు చించుకునేది ఆమె! ఈ సంగతి నేర్చుకునేవాళ్ల చెవిన పడితే ఇంకేమన్నా ఉందా? పడనే పడింది, మరిది నోరు ఊరుకోలేదు. వారమంతా ఆ స్పీడ్ బ్రేకరు దగ్గరికి రాగానే స్టీరింగు దగ్గరున్నవాళ్లు "బ్రేక్! బ్రేక్!" అని ఆమెకే వినిపించారు. ఆమే ముందు నవ్వేది.

అంత పాత కారుకు ఆ పలక ఎక్కడా దొరకలేదు. మరిది ఒక పాత నీళ్ల డ్రమ్ము కోసి, వంచి, కొత్తది తయారుచేసి బిగించాడు.

మళ్లీ ఆదివారం వచ్చింది. పెద్ద రోడ్డు మీద బ్రేకమ్మ యాక్సిలరేటరు నొక్కింది. ముల్లు మధ్యలో మేకు కొట్టినట్టు నిలిచింది. ఇంకా నొక్కింది. చెట్లు వెనక్కి పరిగెత్తాయి. ఇన్నేళ్లుగా బ్రేకు మీదే బతికిన ఆ కాలికి అంత హాయి ఎప్పుడూ తెలియదు.

"ఇంకొంచెం, ఇంకొంచెం!" అంటోంది అత్తగారు, జుట్టు చెదిరిపోయినా పట్టించుకోకుండా.

చెల్లెలు గేటు దగ్గరే నిలబడి ఉంది. కారును ఆ కొసనుంచి ఈ కొసదాకా చూసింది.

"రెండే సీట్లా?"

"రెండే," అంది అత్తగారు గర్వంగా.

"అయితే నువ్వు దిగక్కా," అంది చెల్లెలు తలుపు తెరిచి పట్టుకుని.