ముప్పై ఎనిమిది దగ్గర ఆగాను

మా మరిదికి కంప్యూటరంటే లైట్లు. డబ్బాలో ఎరుపు, నీలం, ఊదా మార్చి మార్చి వెలగాలి. లోపల ఏం జరుగుతున్నదో అతనికి అక్కర్లేదు. పోయిన వేసవిలో ప్రాసెసరు వేగం పెంచుతానని వోల్టేజీ ఎక్కించి, తన మదర్‌బోర్డును కాల్చుకున్నాడు. మాడిపోయిన ఆ బోర్డును గదిలో గోడకు మేకు కొట్టి వేలాడదీశాడు. వచ్చినవాళ్ళందరికీ యుద్ధంలో గెలుచుకున్న డాలులా చూపిస్తాడు.

నాకున్నది ఒకటే యంత్రం. మెట్టుగూడ ఇంట్లో ముందుగదిలో, దేవుడి అలమర పక్కనే ఉంటుంది. దానిమీద పెళ్ళిళ్ళ వీడియోలు, గృహప్రవేశాల వీడియోలు ఎడిట్ చేస్తాను. పనులన్నీ బోయిగూడలో ఉండే ఫోటోగ్రాఫరే తెస్తాడు. దసరాకు రెండు వారాల ముందు గుమ్మంలో నిలబడే చెప్పాడు.

"అక్కా, గిప్పుడు అందరు అదే దినం కావాలంటున్నరు. పొద్దున ఫంక్షన్, సాయంత్రం స్క్రీన్ మీద చూపియ్యాలె. నీ సిస్టమ్ జెర స్లో. దసరా నాడు అల్వాల్‌ల గృహప్రవేశం ఉన్నది. ఏడు గంటలకు చూపిస్తరు. అది టైముకిస్తే పనంతా నీకే. లేకుంటే వేరేటోళ్ళను చూసుకుంట. ఏమనుకోకు."

ఏమనుకోకు అనేవాళ్ళు, ఏమనుకోవాలో కూడా చెప్పి పోతే బాగుండును.

నేను బడి గడప తొక్కలేదు, చదవడం రాయడం ఇంట్లోనే నేర్చుకున్నాను. నాన్న రైల్వే వర్క్‌షాపు నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, పాత రేడియో విప్పి నన్ను ముందు కూర్చోబెట్టేవారు. "ఒకసారికి ఒకటే మార్చు. రాసుకో. ఆ తర్వాతే రెండోది." స్తోత్రాలు నేర్పింది అమ్మ, ఈ మాట నేర్పింది నాన్న. పొద్దున దీపం పెట్టేటప్పుడు ఇద్దరినీ తలుచుకుంటాను.

ఆ మాట పట్టుకునే ప్రాసెసరు వేగం పెంచడానికి, మరిది భాషలో ఓవర్‌క్లాక్ చెయ్యడానికి, కూర్చున్నాను. వేగాన్ని నిర్ణయించే అంకె ఒకటి సెట్టింగుల్లో ఉంటుంది. మాది ముప్పై అయిదు. వోల్టేజీ దగ్గర ‘ఆటో’ అని ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే, మనం వేగం పెంచినప్పుడల్లా బోర్డు చెప్పాపెట్టకుండా వోల్టేజీ పెంచేస్తుంది, అడక్కుండానే నెయ్యి వడ్డించే అత్తగారిలా. అందుకని అంతకుముందు ఎంత తీసుకుంటున్నదో చూసి, ఆ అంకెనే అక్కడ వేసి కట్టేశాను. తర్వాత ముప్పై ఆరు. గంటసేపు పూర్తి బరువు మోయించి, వేడి ఎంతో నోటు పుస్తకంలో రాశాను. ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది దగ్గర ఇరవై నిమిషాలకే తెర నీలమైపోయి యంత్రం ఆగిపోయింది. సరే తల్లీ అని ఒక మెట్టు దిగి, ముప్పై ఎనిమిది దగ్గర ఆగాను. తయారవడానికి గంట పట్టే వీడియో యాభై అయిదు నిమిషాల్లో వచ్చింది.

మరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఐదు నిమిషాలా వదినా! గిదో ఓవర్‌క్లాకా? వోల్టేజ్ జెర ఎక్కియ్యి, నలభై అయిదు కొడ్తది."

"నీది ఎంత కొట్టింది?"

"నలభై ఏడు!"

"ఎన్ని దినాలు?"

"చాయ్ పెట్టినవా వదినా?" అన్నాడు.

దసరా నాడు పొద్దున్నే, నాకు అన్నం పెట్టే యంత్రానికి పసుపు, కుంకుమ పెట్టి, రెండు మూరల బంతిపూల దండ వేసి దణ్ణం పెట్టుకున్నాను. మధ్యాహ్నం వీడియోలొచ్చాయి. కత్తిరింపులు, పాటలు అన్నీ అయ్యేసరికి నాలుగైంది. వీడియో తయారీకి పెట్టాను. సగంలో తెర నీలమైంది. మళ్ళీ పెట్టాను. ఈసారి సగం కూడా రాలేదు.

పండగ భోజనానికొచ్చిన మరిది ఈ ఘడియ కోసమే కాచుక్కూర్చున్నట్టు లేచాడు. "నేను చెప్పలే? దానికి దమ్ము చాలట్లే. గిటు జరుగు, వోల్టేజ్ నేను పెంచుత."

ఫోనులో ఫోటోగ్రాఫరు. "అక్కా, పరేషాన్ చెయ్యకు. అయితదా, కాదా?"

"అయితది," అన్నాను. ఎలా అవుతుందో నాకే తెలియదు. మరిది వేళ్ళు అప్పటికే కీబోర్డు మీద ఉన్నాయి. "చెయ్యి తియ్యి," అన్నాను. నా గొంతు అంత గట్టిగా రావడం అతను ఎన్నడూ వినలేదు కాబోలు, తీసేశాడు.

నోటు పుస్తకం తెరిచాను. నిన్న ఇవే అంకెలు, ఇదే వోల్టేజీ, గంటసేపు వేడి డెబ్బై రెండు డిగ్రీలు దాటలేదు. ఇవాళ తొంభై ఆరు. నిన్నటికీ ఇవాళ్టికీ మారింది ఒకటే ఉండాలి. ఏమిటది?

తలెత్తి చూశాను. డబ్బా నెత్తిన, వేడిగాలి పోయే జాలీని పూర్తిగా కప్పేసి, ముద్దబంతులు కూర్చుని ఉన్నాయి. దండ కొస ఒకటి వెనక ఫ్యానుకు అడ్డంగా వేలాడుతున్నది. రెండు వారాలుగా మరిది తెలివిని మనసులో తూకం వేస్తున్న నేను, భక్తితో, కళ్ళు మూసుకుని, నా యంత్రం ముక్కు నేనే మూశాను. వేగం కాదు, వోల్టేజీ కాదు, నా పూజ.

దండ తీసి అమ్మవారి పటానికి వేశాను. పది నిమిషాలు చల్లారనిచ్చి, ఒక్క అంకె కూడా ముట్టుకోకుండా మళ్ళీ పెట్టాను. వేడి డెబ్బై దగ్గర నిలబడింది. వీడియో వచ్చేదాకా నేను లేవలేదు, స్తోత్రం ఆపలేదు. ఆరింటికి ఫోటోగ్రాఫరు పెన్‌డ్రైవు జేబులో వేసుకుని అల్వాల్ దారి పట్టాడు.

మరునాడు ఫోను చేశాడు. "మంచిగొచ్చిందన్నరు అక్కా. కార్తీకంల నాలుగున్నయి, నీకే." అమ్మవారికీ, నాన్నకీ, ఆ చిన్న ఫ్యానుకీ కలిపి దణ్ణం పెట్టుకున్నాను.

మరిది మాత్రం తగ్గలేదు. "అయినా వదినా, వోల్టేజ్ పెంచి ఉంటే యాభై నిమిషాలల్లనే అయ్యేది."

మిగిలిన బంతిపూలు ఒక మూర ఉంటే, కాగితంలో చుట్టి అతని చేతిలో పెట్టాను.

"గిది ఎందుకు?"

"నీ గోడ మీది బోర్డుకు," అన్నాను.