పర్లేదన్న తివాచీ

మా బావగారు తోమా నోట మెచ్చుకోలు రప్పించడం కన్నా కొల్లేట్లో కొరమేనును ఒట్టి చేత్తో పట్టుకోవడం తేలిక. మా అక్క సలోమి చేపల పులుసు పెడితే వీధి వీధంతా ఆ వాసనకి తల తిప్పుతుంది. ఈయన మాత్రం గిన్నె ఊడ్చేసి, మూతి తుడుచుకుని, "పర్లేదు" అంటారు. నేను తాడేపల్లిగూడెం మిషన్ స్కూల్లో పంతులమ్మని. సెలవులకి ఏలూరు వచ్చినప్పుడల్లా ఆ మాట విని నాకు ఒళ్ళు మండిపోయేది. అక్క నవ్వి ఊరుకునేది.

అయితే ఏలూరు మగ్గాల షెడ్లలో ఆ మాట లెక్క వేరు. బావగారు చాలా ఏళ్ళు తివాచీలు నేశారు. నడుము పట్టేశాక నేత మాని, తివాచీలకు రకం తేల్చే పనిలోకి వచ్చారు. మేలురకమంటే ఓడెక్కి ఇంగ్లండు సీమకు పోతుంది. రెండోరకమంటే సగం ధరకి ఇక్కడే ఎవరింట్లోనో పడి ఉంటుంది.

అందరూ ముందు పువ్వులు చూస్తారు, ఈయన వీపు చూస్తారు. తిరగేసి ముడులు ఎంత దగ్గరగా కూర్చున్నాయో వేలితో తడుముతారు. మూలకి మూల మడిచి చూస్తారు. తడిగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూస్తారు. చివరికి కళ్ళు మూసుకుని ఒట్టికాళ్ళతో దాని మీద నడుస్తారు. ఎక్కడైనా లోపం తగిలితే నేసినవాళ్ళ మనసు నొప్పించలేక "బాగుందండీ" అంటారు. అంటే రెండోరకం. ఏ లోపమూ దొరక్కపోతే "పర్లేదండీ." ఆ ఒక్క మాటకి ఇంటింటా బెల్లం పంచుకున్న నేతగాళ్ళున్నారు. చోద్యం కాకపోతే ఏమిటి!

పంతొమ్మిదివందల ముప్ఫై అయిదు వేసవిలో అక్క తివాచీ ఈయన ముందుకి వచ్చింది. అన్నాళ్ళూ ఆ షెడ్డులో అక్క పని ఉన్ని చిక్కు తీయడమే. షెడ్డు యజమాని కనకరాజు గారు ఖాళీగా ఉన్న మగ్గం ఒకటి చూపించి, ఒక్కటి నేసి చూడమన్నారు. మేలురకం వస్తే ఆ మగ్గం తనదే, లేకపోతే మళ్ళీ ఉన్ని దగ్గరికి. అక్క వేళ్ళు కాయలు కాచేదాకా నేసింది. ఇంట్లో బావగారిని ఒక్క సలహా అడగలేదు, ఆయనా ఇవ్వలేదు. ఇద్దరికిద్దరే!

రకం తేల్చే రోజున, సెలవులకి వచ్చిన నేనూ అక్కతో షెడ్డుకి వెళ్ళాను. ఆ రోజు కొనుగోలుకి మద్రాసు నుంచి కొత్త ఏజెంటు వచ్చాడు. పాతాయనకి మా బావగారి మాటల లెక్క తెలుసు, ఈ కొత్తాయనకి తెలియదు. ముందు రాజరత్నం అనే నేతగాడి తివాచీ పరిచారు. బావగారు దాని మీద నడిచి, ఓ చోట ఆగి, మెత్తగా "బాగుందండీ" అన్నారు. ఏజెంటు సంతోషంగా దాన్ని మేలురకం దొంతరలో పెట్టించాడు. రాజరత్నం ఓసారి దొంతర వైపు, ఓసారి బావగారి వైపు చూశాడు.

తర్వాత అక్కది. అది ఎవరు నేశారో ఏజెంటుకి తెలియదు. బావగారు తిరగేశారు, రుద్దారు, నడిచారు. ఎందుకో వెనక్కి తిరిగి ఇంకోసారి నడిచారు. "పర్లేదండీ" అన్నారు. మా వాళ్ళందరి మొహాలూ వెలిగిపోయాయి. ఏజెంటు మాత్రం దాన్ని రెండోరకంలోకి తోయించాడు.

తలుపు పక్కన నా చెయ్యి పట్టుకుని నిలబడ్డ అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. రాజరత్నం మంచివాడు, ఆగలేకపోయాడు.

"అయ్యా, నాది బాగుందన్నారంటే బాగాలేదనండి. దాన్ని కిందకి దించండి."

ఏజెంటు తికమకపడ్డాడు. పర్లేదంటే పర్లేదనే కదా అర్థం అన్నాడు. అందులో ఆయన తప్పేముంది? తప్పంతా మా బావగారి నోటిది. నాకు కోపం ఆగక, ఇప్పుడైనా నోరు విప్పమని అందరిలోనూ అనేశాను.

బావగారి చెవులు ఎర్రబడ్డాయి. పైపంచె సర్దుకున్నారు. అది తన భార్య నేసిందని, అందుకే తన మాట మీద పోవద్దని, తమరే తిరగేసి చూసుకోమని ఏజెంటుకి చెప్పారు. ఏజెంటు వంగి చాలాసేపు చూశాడు. మరి మీరేమంటారని మళ్ళీ అడిగాడు.

"అయ్యా, నా వయసంతా మగ్గం మీదే గడిచింది. ఇలాంటిది నేను నేయలేనండీ."

ఏజెంటు తివాచీని తనే ఎత్తి మేలురకంలో పెట్టాడు. కనకరాజు గారు మగ్గం వైపు చూపించి, రేపటినుంచి అక్కడే కూర్చోమని అక్కతో అన్నారు. అక్క ఆయనకి దణ్ణం పెట్టి, తిన్నగా బావగారి దగ్గరికి నడిచింది.

"ఏమన్నారండీ? సరిగా వినబడలేదు."

గోడవతల వాళ్ళకి కూడా వినబడింది, అక్కకి వినబడలేదట! బావగారు ఈసారి అక్క వైపు తిరిగి, ఇలాంటిది తను నేయలేనన్న ఆ మాటే మళ్ళీ అన్నారు.