మా అత్తయ్య విప్పేసిన ఆఖరి సిగార్

ఇక్కడ అమెరికాలో, క్యారీ ఊళ్ళో మా పక్కింటి పెద్దాయన రౌల్, హవానాలో పుట్టి పెరిగినవాడు. పదిహేనేళ్ళుగా ఒకే ఒక్క సిగార్ దాచుకున్నాడు. చేత్తో చుట్టే ఆ రకాన్ని క్యూబాలో ఎప్పుడో ఆపేశారట. మా అత్తయ్య పెళ్ళికి ముందు గోదావరి లంకల్లో చుట్టలు చుట్టేదని నేనే గొప్పగా చెప్పాను. అందుకని ఈ మధ్యాహ్నం ఆవిడకు చూపించడానికి పెట్టెతో సహా మా పోర్చ్‌కి తెచ్చాడు.

ఫోన్ మోగితే ఆయన పక్కకు వెళ్ళాడు. నేను కాఫీ తెచ్చేసరికి సిగార్ పై ఆకు సగం విప్పి ఉంది.

"అత్తయ్యా! అది లాస్ట్ పీస్! ఇంక ఎక్కడా దొరకదు!"

"ఆకు చూడకుండా చుట్ట బాగుందని ఎలా చెప్తామే? కంగారుపడకు, మళ్ళీ చుట్టేస్తాగా."

చుట్టేసింది. ఆకు అంచును నాలుకతో తడిపి అతికించి, పాత అలవాటు కొద్దీ కొసను మెలి కూడా తిప్పింది.

రౌల్ తిరిగొచ్చి ఆ మెలి చూసి ఆగిపోయాడు. జరిగింది చెప్పేశాను. ఆయన దాన్ని వేళ్ళతో మెల్లగా నొక్కి చూశాడు.

"మా అమ్మ కూడా ఫ్యాక్టరీలో ఇవే చుట్టేది. చుట్టిన మనిషే ఎదురుగా ఉంటే ఇంకేం దాచుకోను?" అని అక్కడే వెలిగించేశాడు.

దేంతో అతికించిందని అడిగితే, నీళ్ళతో అన్నాను.

నేనిది రాస్తుంటే ఆయన ఇంకా మా పోర్చ్‌లోనే హాయిగా పీలుస్తున్నాడు. ఇప్పుడే నిజం చెప్పేయమంటారా, పూర్తిగా కాల్చేదాకా ఆగమంటారా?