కడ్డీ ఉన్న సైకిలు

కిందటి వారం మా ఊరి మురుగు కాలువ మీద సిమెంటు వంతెన కట్టి రిబ్బను కత్తిరించారు. కుర్చీలు వేశారు, మైకు పెట్టారు, పెద్దదాన్ని కదా అని నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. మైకు పట్టుకున్న పెద్దమనిషి, "ఇన్నాళ్లూ ఈ కాలువ దాటలేక మన ఆడవాళ్లు నానా అవస్థలూ పడ్డారండి" అన్నాడు. దాటలేకా! లేచి నిలబడబోయాను. పక్కనున్న మా కోడలు చెయ్యి పట్టుకుని లాగింది కాబట్టి కూర్చున్నాను గానీ, ఒళ్లు మండిపోయింది. అక్కడ రెండు కొబ్బరి దుంగలు పక్కపక్కన పరిచి ఉన్న రోజుల్లో, భుజాన సైకిలు వేసుకుని నేను ఏళ్ల తరబడి దాటాను. అక్కడ చెప్పనివ్వలేదు గనక ఇక్కడ రాస్తున్నాను. అక్షరాలు నాకు నలభై దాటాక, చర్చి వరండాలో, పలక మీద వచ్చాయి. నా రాతలో వంకర ఉంటే ఉంటుంది, మాటలో ఉండదు.

సైకిలు నాకు కొత్త కాదు. చిన్నప్పుడు మా నాన్న కూలి పని నుంచి వచ్చి, సైకిలు పాక గుంజకు ఆనించి, అన్నం తిని కునుకు తీస్తే, నేను దాన్ని తోసుకుంటూ కాలువ గట్టెక్కేదాన్ని. సీటు అందేది కాదు. సీటు ముందున్న కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒళ్లంతా ఒక పక్కకి వంచి తొక్కేదాన్ని. దాన్ని దొంగతొక్కుడు అనేవాళ్లం. ఆ గట్టు కంకర గుర్తులు మోకాళ్ల మీద ఇంకా ఉన్నాయి. పెళ్లయ్యాక మా అత్తగారు, "మన ఇళ్లలో కోడళ్లు సైకిళ్లు తొక్కరమ్మా" అంది. మెత్తగానే చెప్పింది. మెత్తగా చెప్పినదానికి ఎదురు చెప్పడం మరీ కష్టం. ముప్పై ఏళ్లకు పైగా నడిచాను. చేలకు నడిచాను, సంతకు నడిచాను, పురిటి నొప్పులతో ఆసుపత్రికి కూడా నడిచాను. మా ఆయన సైకిలు మీద ముందు వెళ్లి, నేను వచ్చేదాకా టీకొట్టు దగ్గర కూర్చునేవాడు.

బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టడం మొదలైన కొత్తలో, కాలువ అవతల ఊరి బడిలో వంట పని నాకు వచ్చింది. వేలిముద్ర కాకుండా సంతకం పెట్టి తీసుకున్న మొదటి పని అది. పొద్దున్నే కూరగాయలు తీసుకెళ్లి పొయ్యి వెలిగించాలి. రోడ్డు మీదుగా అయితే చాలా చుట్టు. దుంగల వంతెన మీదుగా దగ్గరే గానీ, ఇటూ అటూ గట్టు దారి బాగా పొడుగు, నా కాళ్లలో మునుపటి సత్తువ లేదు. సైకిలు కావాలి. ఆ వంతెన దాటే మగవాళ్లందరిదీ ఒకటే పద్ధతి. దిగి, కడ్డీ కింద భుజం పెట్టి సైకిలెత్తి, హ్యాండిలు తిరగకుండా ఒక చేత్తో బిగించి, నడిచి దాటేస్తారు. కాబట్టి కడ్డీ ఉండాలి. ఇందులో అర్థం కానిదేముంది?

అమలాపురంలో సైకిళ్ల షాపుకి మా ఆయనతో వెళ్లాను. అన్నీ ముందే అనుకున్నాను. ఇరవై నాలుగు అంగుళాలది వద్దు, ఇరవై రెండుది కావాలి, ఆగితే కాలు నేలకి ఆనాలి. కారియరు గట్టిగా ఉండాలి. షాపాయన నా మొహమే చూడలేదు. మా ఆయన్ని అడిగాడు.

"మనవరాలికాండి?"

"కాదండి. మా ఇంటిదానికి."

"అమ్మగారికా! అయితే లేడీస్ బండి పట్టుకెళ్లండి. ముందు బుట్ట కూడా ఉందండి, పూలు పెట్టుకోవచ్చు."

"నేను పెట్టేది వంకాయలండి" అన్నాను. "కడ్డీ ఉన్నది చూపించండి."

షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు. "కడ్డీ మీద ఎవర్ని కూర్చోబెట్టుకుంటారండీ, అయ్యగారినా?" అన్నాడొకడు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఊరుకోవే, పరువు తియ్యకు" అని బుట్ట సైకిలే బయటికి తీయించాడు. చేలో మోతుబరికి ఎదురు మాట్లాడిన నోరు, సైకిళ్ల షాపులో మూతబడింది. ఆ తప్పు నాదే. మా ఆయన దగ్గర మాత్రం ఎప్పుడూ ఒప్పుకోలేదు.

మర్నాడు దుంగల దగ్గర దిగాను. ఆ సైకిలుకి కడ్డీలు రెండూ కిందికి జారి ఉంటాయి. వాటి కింద భుజం పెడితే బండి బరువంతా నెత్తికి పైనే. ముందు చక్రం గిర్రున తిరిగి మొహాన కొట్టింది. రెండడుగులు వేసి వెనక్కి వచ్చేశాను. వంకాయలు సగం కాలువలో తేలుతూ పోయాయి. చుట్టు తిరిగి వెళ్లి, పొయ్యి ముట్టించి, ఉన్నవాటితోనే వంట మొదలుపెట్టాను. గంట కొట్టేసరికి అన్నం ఇంకా ఉడకలేదు. పిల్లలు పళ్లేలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఆకలేస్తే పిల్లలు అల్లరి చేస్తారనుకుంటాం. చెయ్యరు, పొయ్యి వైపు చూస్తారు. హెడ్మాస్టారు కోప్పడలేదు. "ఇంకోసారి ఇలా అయితే వేరేవాళ్లని చూసుకోక తప్పదమ్మా" అన్నారు.

గిన్నెలు కడిగేసి, ఆ సైకిలు మీదే అటునుంచి అటే అమలాపురం వెళ్లాను. ఒక్కదాన్నే.

"తొక్కిన సైకిలు వెనక్కి తీసుకోమండి అమ్మగారూ" అన్నాడు షాపాయన.

"తీసుకోవద్దులెండి. దీన్ని భుజానేసుకుని మీరు ఆ బల్ల దాటి చూపించండి. దాటేరా, మారుమాట్లాడకుండా పోతాను."

షాపు ముందు మురిక్కాలవకి అడ్డంగా చెక్కబల్ల ఒకటి ఉండేది. జనం చేరారు. "ఎత్తండి గురూగారూ, లేడీస్ బండే కదండీ!" అని పక్కకొట్టు టైలరు ఎగదోశాడు. పౌరుషానికి పోయి ఎత్తాడు పాపం. రెండో అడుగులో హ్యాండిలు తిరిగింది, పెడలు చొక్కా జేబులో దూరి చింపేసింది, ఒక కాలు మోకాలిదాకా కాలవలో దిగింది.

"పూలు తెమ్మంటారాండి బుట్టలోకి?" అన్నాను.

ఆయన కాలు కడుక్కుని లోపలికి వెళ్లి, కడ్డీ ఉన్న ఇరవై రెండు అంగుళాల సైకిలు తోసుకొచ్చాడు. నా మొహం చూసి, నన్నే అడిగాడు: "సీటు ఎంత ఎత్తులో బిగించమంటారండి?"

మర్నాడు, నాట్లలో దిగినప్పటిలాగే చీర ఎగగట్టి, భుజాన బండితో దుంగలు దాటాను. అవతలి గట్టున ఎక్కితే, అన్నేళ్లుగా కడ్డీ ఉన్న బండి తొక్కని కాళ్లు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. గంట కొట్టకముందే అన్నం ఉడికింది. సంతోషించాలి కదా, నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా ఉంది. కాళ్లకి ఇంత బాగా గుర్తున్నప్పుడు, ఆ ముప్పై ఏళ్లూ ఏమైపోయినట్టు? కాలం పట్టుకుపోయిందంటారు అందరూ. కాలానికి అంత అవసరం ఏముంది? లాక్కున్నది మనుషులే. వాళ్లెవరో మనం మర్చిపోయేలా చెయ్యడం ఒక్కటే కాలం పని, నా దగ్గర ఆ పని కూడా దానికి చేతకాలేదు.