లక్షణంగా ఉండాలి

మొన్న కోలారు దగ్గర మా రాబర్ట్‌సన్‌పేట బజారులో కొత్తగా తెరవబోతున్న చీరల అంగడి అద్దానికి ఒక కాగితం అంటించి ఉంది. పైన కన్నడంలో, కింద తెలుగులో, 'పనికి ఆడపిల్లలు కావలెను. లక్షణంగా ఉండాలి' అని రాశారు. నేను అక్కడే ఆగిపోయాను. చదువెంతని లేదు, చీర మడత పెట్టడం వచ్చా రాదా అని లేదు. లక్షణమట. నాది పుట్టుకతోనే అనుమానపు బుద్ధి. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడనుకుంటాను, చుట్టాలు చెప్పకుండా వస్తే ఏదో అడగడానికే వచ్చారనుకుంటాను. ఈ గుణం వల్లనే మా కిరాణా వ్యాపారం నిలబడిందని మా ఆయన అంటాడు, అదీ ఎంతవరకు నిజమో. కానీ లక్షణం అనే మాట మీద నా అనుమానం ఊరికే పుట్టింది కాదు. మా అక్క కూతురి వల్ల పుట్టింది.

అక్కవాళ్ళకు మా పక్కనే ఉన్న చాంపియన్ రీఫ్స్‌లో చిన్న చిల్లర అంగడి ఉంది. పిల్ల డిగ్రీ చదివింది. చామనచాయ, పెద్ద కళ్ళు, ఎవరితోనైనా గలగలా మాట్లాడే నోరు. కోలారులో ఒక నగల షోరూములో అమ్మకానికి పిల్లలు కావాలన్నారని తెలిసి వెళ్తానంది. మా బావ వద్దన్నాడు. ఎంతో బతిమాలితే, "ఈ ఒక్క తూరి పోయిరా. పని దొరక్కుంటే ఇంగ మాట్లాడకుండా అంగట్లో కూర్చో" అన్నాడు. ఆ బెల్లం మూటల మధ్య, ఈగలు తోలుకుంటూ కూర్చోవడమంటే దానికి ప్రాణం పోయినట్టే. ఎవరినీ నమ్మని మనిషినని తోడుగా నన్ను పంపారు.

షోరూము మేడమీద ఏసీ గదిలో కోటు వేసుకున్న మేనేజరు ఒక పక్క, యజమాని భార్య ఎదురుగా కూర్చున్నారు. సర్టిఫికెట్లు తెరిచి కూడా చూడలేదు. "నిల్చుకో అమ్మా" అంది ఆమె. "రోంత నడువు. ఈ పక్క తిరుగు. నవ్వు." జడ చూసింది, పళ్ళు చూసింది, మెడ చూసింది. నాకు అంతా అర్థమైపోయింది. ఆ ఇంట్లో పెళ్ళి కావలసిన కొడుకున్నాడని మా బజారంతటికీ తెలుసు. ఉద్యోగం పేరు చెప్పి, ఊళ్ళో పిల్లలందరినీ కూర్చున్నచోటే చూసుకుంటున్నారన్నమాట. పిల్లను మోచేత్తో పొడిచి తల వంచుకోమన్నాను. ఆమె వైపు తిరిగి మా గోత్రం చెప్పాను. పిల్ల చేతి ఒబ్బట్ల రుచి గురించి కూడా చెప్పాను.

"గోత్రం యెందుకమ్మా మాకు?" అంది ఆమె బిత్తరపోయి. "హారం వేసి కస్టమర్లకు చూపించేదానికి మెడ చూస్తా ఉండాను."

మేనేజరు దగ్గు వచ్చినట్టు ముఖం తిప్పుకున్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను, అనుమానం మాత్రం చావలేదు. ఆమె పిల్ల మెడలో ఒక హారం పెట్టి, ఫోన్లో ఫోటో తీసి చూసుకుని పెదవి విరిచింది. "పిల్ల లక్షణంగా ఉండాది. రంగే రోంత... సరే, చెప్పి పంపిస్తాం" అంది. మా ఇళ్ళలో పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు ఉప్మా తిని, కాఫీ తాగి, చెప్పులు వేసుకుంటూ అనే మాట అది. దాని అర్థం చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేను సంచి తీసుకుని లేచాను. పిల్ల కదల్లేదు.

"నేను నౌకరీకి వచ్చినాను అమ్మా" అంది ఆమెతో. "వద్దంటే వద్దని ఇప్పుడే చెప్పేయండి. ఇంటికి పోతే మా నాయన అంగట్లో కూర్చోబెడతాడు. మీరు చెప్పి పంపిస్తారని నేను యాడ కాసుకొని ఉండేది?"

ఆ గొంతులో ఏడుపు లేదు. నాకే కళ్ళు నిండాయి. ఆమె కాసేపు పిల్ల చేతులవైపు చూసింది. సన్నగా, పొడవుగా, తీర్చినట్టుంటాయి దాని వేళ్ళు. "ఫోన్లో వీడియోలు పెడతాం. గాజులు, ఉంగరాలు. చేతులు కనిపిస్తే చాలు, మాట్లాడేది నువ్వే. వస్తావా?" అంది. ముఖం ఎందుకు వద్దని నేను అడగబోతే పిల్ల నా కాలు తొక్కి, వస్తానని చెప్పేసింది.

ఇప్పటికీ ఆ పనే చేస్తోంది. మా బావ అంగడికి వచ్చినవాళ్ళందరికీ గర్వంగా చెప్పుకుంటాడు. ఈ మధ్య అక్కకు ఆ వీడియో ఒకటి చూపించాను. గొంతు పిల్లదే, అదే గలగల. గాజులు తిప్పుతున్న చేతులు మాత్రం మీగడలాగా తెల్లగా ఉన్నాయి. అక్క ఫోను కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, "మాట మా పాపదే. చేతులు యెవురివి?" అంది. పిల్లను అడిగితే, "ఫోన్లో రంగు అట్ల తెల్లగా చేస్తారు చిన్నమ్మా, అందరికీ చేస్తారు" అని నవ్వేసింది. మా కాలంలో నచ్చని పిల్లను వద్దనుకుని వెళ్ళిపోయేవాళ్ళు, పిల్ల ఎట్లా ఉండేదో అట్లే మిగిలేది. ఈ కాలం ఎవరినీ వద్దనదు, కన్నతల్లి కూడా గుర్తుపట్టకుండా చేసి ఉంచుకుంటుంది.